వైరస్ పోయింది, నెట్ రాలేదు



2012 జులై 9, సోమవారం. మన గడియారాల్లో ఉదయం 9 గంటల 31 నిమిషాలు. న్యూయార్క్‌లో అప్పుడే అర్ధరాత్రి దాటి ఒక నిమిషం. కోర్టు పెట్టిన గడువు తీరిపోవడంతో అమెరికాలో కొన్ని సర్వర్లను ఆ వేళకి ఆపేశారు. ప్రపంచం మొత్తం మీద రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు అప్పటికీ ఆ సర్వర్లనే నమ్ముకుని ఉన్నాయి. వాటిని అడగనిదే ఒక్క వెబ్‌సైటు కూడా తెరవలేవు. మన దేశంలోనూ అలాంటివి వేలల్లో ఉన్నాయి. తమ సిస్టమ్‌కి ఏదో అయిందన్న సంగతి వాటి యజమానుల్లో చాలామందికి తెలియనే తెలియదు.

ఆ సోమవారం ఇంటర్నెట్ ఆగిపోతుందంటూ ముందునుంచే పత్రికలు, టీవీలు హోరెత్తించాయి. ఇంటర్నెట్ ఏమీ ఆగలేదు. అమెరికాలో కొన్ని నెట్ కంపెనీలు తమ ఖాతాదారుల కోసం ప్రత్యామ్నాయ సర్వర్లు సిద్ధం చేసుకున్నాయి కూడా. అయినా ఆ రోజు వెనక జరిగినదంతా తెలుసుకుంటే, వైరస్ పట్టిన కంప్యూటర్‌కి నెట్ ఎందుకు పోతుందో, వైరస్‌ని తీసేశాక కూడా ఎందుకు తిరిగి రాదో తేటగా అర్థమవుతుంది.

బాల్టిక్ సముద్రం ఒడ్డున ఎస్టోనియా అనే చిన్న దేశం ఉంది. అక్కడి తార్తు పట్టణంలో రోవ్ డిజిటల్ అనే కంపెనీ ఉండేది. పైకి మామూలు సాఫ్ట్‌వేర్ ఆఫీసు. దాని వెనకున్న ముఠా 2007 నుంచి 2011 అక్టోబరు దాకా డీఎన్ఎస్‌ఛేంజర్ అనే మాల్‌వేర్‌ని వందకు పైగా దేశాల్లో, దాదాపు 40 లక్షల కంప్యూటర్లలోకి ఎక్కించిందని అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ తేల్చింది. ఈ వీడియో చూడాలంటే ముందు చిన్న ప్రోగ్రాం దించుకోవాలని తెర మీద ఒక పెట్టె కనిపించేది. నమ్మి నొక్కితే అంతే, మాల్‌వేర్ లోపలికి దూరేది. విండోస్‌నే కాదు, ఆపిల్ వారి మ్యాక్‌లను కూడా వదల్లేదు. నాసాలోనే 130కి పైగా కంప్యూటర్లకు ఇది సోకింది.

ఇది ఫైళ్లను చెరపదు, తెర మీద బెదిరింపులు పెట్టదు. ఒకే ఒక్క సెట్టింగు మారుస్తుంది. మనుషులకి వెబ్‌సైట్ల పేర్లు గుర్తుంటాయి, యంత్రాలకి అంకెలు కావాలి. పేరు చెబితే అంకె చెప్పే ఏర్పాటే డొమైన్ నేమ్ సిస్టమ్, పొట్టిగా డీఎన్ఎస్. 1983లో పాల్ మొకపెట్రిస్ దీన్ని రూపొందించాడు. ఊరికి కొత్తగా వచ్చినవాడు బస్సు దిగి కిళ్లీకొట్టు దగ్గర ఆగి, ఫలానావారి ఇల్లెక్కడండీ అని అడుగుతాడు చూడండి, డీఎన్ఎస్ సర్వర్ ఆ కొట్టువాడి లాంటిది. అతను ఏ సందు చూపిస్తే ఆ సందులోకే వెళ్తాడు. దారి చెప్పే ఆ మనిషినే మార్చేసింది డీఎన్ఎస్‌ఛేంజర్. ఇక అక్కణ్ణుంచి ప్రతి ప్రశ్నా ముఠా సొంత సర్వర్లకి వెళ్లేది.

ఆపిల్ ఐట్యూన్స్ కోసం వెతికి లింకు నొక్కినవాళ్లు ఆపిల్‌తో ఏ సంబంధమూ లేని దుకాణంలో తేలేవారు. అమెరికా ఆదాయపు పన్ను శాఖ సైటుకి వెళ్లాలనుకున్నవాళ్లు ఒక ప్రైవేటు ట్యాక్స్ కంపెనీ పేజీకి చేరేవారు. వాల్ స్ట్రీట్ జర్నల్ పేజీలో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ ప్రకటన ఉండాల్సిన చోట వేరే ఎవరిదో ప్రకటన కనిపించేది. ఇలా దారి మళ్లించిన ప్రతి క్లిక్కుకీ ముఠాకి కమీషను ముట్టేది. అలా వెనకేసుకున్నది కనీసం కోటీ 40 లక్షల డాలర్లు. యాంటీవైరస్, విండోస్ అప్‌డేట్‌లు అందకుండా కూడా ఇది అడ్డుపడేది. కాబట్టి ఒకసారి సోకిన కంప్యూటర్‌లోకి మిగతా వైరస్‌లు కూడా సులువుగా చేరేవి.

2011 నవంబరు 8న ఎస్టోనియాలో ఆరుగురిని అరెస్టు చేశారు. న్యూయార్క్, షికాగోల్లోని డేటా సెంటర్లలో ముఠా సర్వర్లు దర్యాప్తు అధికారుల చేతికి వచ్చాయి. అక్కడే అసలు చిక్కు మొదలైంది. మామూలుగానైతే దొంగ సర్వర్ దొరకగానే ప్లగ్గు పీకేస్తారు. దీన్ని పీకితే లక్షలాది మంది అమాయకులకి రాత్రికి రాత్రే నెట్ పోతుంది. వాళ్ల కంప్యూటర్లకు ఈ సర్వర్లు తప్ప దారి చెప్పే దిక్కు ఇంకోటి తెలియదు. అందుకని కోర్టు ఒక అసాధారణ ఏర్పాటుకి ఒప్పుకుంది. కాలిఫోర్నియాలోని ఇంటర్నెట్ సిస్టమ్స్ కన్సార్టియం అనే లాభాపేక్ష లేని సంస్థ, అవే అంకెల మీద, ముఠా సర్వర్ల స్థానంలో నిజం చెప్పే సర్వర్లను నడపసాగింది. ఆ సంస్థ వ్యవస్థాపకుడు పాల్ విక్సీ స్వయంగా ఆ పనిలో ఉన్నాడు. 2012 మార్చి 8 దాకా అనుకున్న ఏర్పాటు జులై 9 దాకా సాగింది. ఈ లోపు గూగుల్, ఫేస్‌బుక్ తమ పేజీల మీదే హెచ్చరికలు చూపించాయి. మీ కంప్యూటర్‌కి ఇది సోకి ఉండవచ్చు, సరిచేసుకోండి అని. అయినా చివరి రోజుకి రెండు లక్షలకు పైగా మిగిలిపోయాయి.

ముఠా నాయకుడు వ్లదిమిర్ త్సాస్త్సిన్‌కి 2016లో అమెరికా కోర్టు 7 ఏళ్ల 3 నెలల జైలు శిక్ష వేసింది. మరి కంప్యూటర్ల మాటేమిటి? నేరస్థులు పట్టుబడ్డారు, వాళ్ల సర్వర్లు లేకుండా పోయాయి, చాలాచోట్ల యాంటీవైరస్ ఆ మాల్‌వేర్‌ని ఏరేసింది కూడా. కానీ అది మార్చిపెట్టి పోయిన ఒక్క అంకె అక్కడే ఉండిపోయింది. నెట్ రాకపోవడానికి ఆ అంకె చాలు.

వైరస్‌ని తీసేయడం ఒక పని, అది చేసిపోయిన మార్పుల్ని సరిదిద్దడం మరో పని. యాంటీవైరస్ మొదటి పని చేసి, సిస్టమ్ శుభ్రంగా ఉందని ఆకుపచ్చ టిక్కు చూపిస్తుంది. రెండో పని చాలాసార్లు మిగిలిపోతుంది. ఆ కంప్యూటర్‌ని పట్టుకుని రిపేరు షాపుకి వెళ్తే, ఎక్కువచోట్ల ముందుగా వినిపించే మాట ఒకటే: ఫార్మాట్ కొట్టేద్దాం. ఫార్మాట్‌తో నెట్ వస్తుంది, నిజమే. దాంతోపాటు పిల్లల ఫోటోలు, పొలం కాగితాల స్కాన్లు, దుకాణం టాలీ లెక్కలు పోయే ప్రమాదం ఉంది. బ్యాకప్ తీసుకునే అలవాటు లేని ఇళ్లలో ఈ నష్టం చిన్నది కాదు. పది నిమిషాల్లో సరిపోయే పనికి ఇన్నేళ్లుగా దాచుకున్నవాటిని పణంగా పెట్టించడం అన్యాయం. కాబట్టి అక్కడిదాకా పోకముందే చూడాల్సినవి కొన్ని ఉన్నాయి.

ముందుగా, తప్పు కంప్యూటర్‌దేనా అన్నది తేల్చుకోవాలి. ఇంట్లో ఎవరి ఫోన్‌లోనైనా మొబైల్ డేటా ఆపేసి, అదే వైఫైకి కలిపి చూస్తే సరిపోతుంది. ఫోన్‌లోనూ నెట్ రాకపోతే గొడవ రౌటర్ దగ్గరో, నెట్ కంపెనీ దగ్గరో ఉన్నట్టు. ఫోన్‌లో వచ్చి కంప్యూటర్‌లో రాకపోతేనే మిగతా పరీక్షలు.

విండోస్ కంప్యూటర్‌లో స్టార్ట్ దగ్గర సీఎండీ అని వెతికితే కమాండ్ ప్రాంప్ట్ వస్తుంది. దాని మీద కుడి బటన్ నొక్కి, అడ్మినిస్ట్రేటర్‌గా తెరవమని చెబితే నల్లటి కిటికీ తెరుచుకుంటుంది. అందులో పింగ్ అని ఇంగ్లీషులో కొట్టి, ఒక ఖాళీ వదిలి, 8.8.8.8 అని కొట్టి ఎంటర్ నొక్కాలి. అది గూగుల్ 2009 డిసెంబరులో అందరి కోసం తెరిచిన డీఎన్ఎస్ సర్వర్ అంకె. నాలుగు వరుసల్లో రిప్లై అని జవాబు వస్తే, కంప్యూటర్ నుంచి బయటి ప్రపంచానికి దారి తెరిచే ఉందన్నమాట. తర్వాత అంకెకి బదులు ఏదైనా సైటు పేరు పెట్టి పింగ్ చేయాలి. అంకెకి జవాబు వచ్చి, పేరు దగ్గర మాత్రం దొరకలేదని వస్తే జబ్బు ఎక్కడుందో తెలిసిపోయినట్టే. అది డీఎన్ఎస్ జబ్బు.

దానికి మందు సులువు. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి, ఎన్‌సీపీఏ డాట్ సీపీఎల్ అని టైప్ చేస్తే నెట్‌వర్క్ కనెక్షన్ల జాబితా వస్తుంది. వాడుతున్న కనెక్షన్ మీద కుడి బటన్ నొక్కి ప్రాపర్టీస్‌లోకి, అందులో ఐపీ వెర్షన్ 4 లోకి వెళ్లాలి. కింద డీఎన్ఎస్ గళ్లల్లో ఎవరూ పెట్టని అంకెలు కనిపిస్తే వాటిని తీసేసి, ఆటోమేటిక్‌గా తీసుకోమనే ఎంపిక పెట్టాలి. 2011, 2012 ప్రాంతాల్లో ఆ గళ్లల్లో 85.255తో మొదలై, మూడో అంకె 112కీ 127కీ మధ్య ఉన్న నంబరు కనిపిస్తే అది ఎస్టోనియా ముఠా పనే అని ఎఫ్‌బీఐ ఒక పట్టికే ప్రకటించింది. చివరగా నల్ల కిటికీలో ఐపీకాన్ఫిగ్, ఖాళీ, స్లాష్, ఫ్లష్‌డీఎన్ఎస్ అని కొడితే కంప్యూటర్ గుర్తుపెట్టుకున్న పాత తప్పుడు జవాబులు కూడా చెరిగిపోతాయి.

పేరుకీ అంకెకీ రెండింటికీ పింగ్ పలుకుతోంది, బ్రౌజర్‌లో మాత్రం ఒక్క పేజీ కూడా తెరుచుకోదు. ఇది ఇంకో రకం, ఇప్పటికీ తరచుగా ఎదురయ్యే రకం. చాలా మాల్‌వేర్‌లు బ్రౌజర్‌కీ ఇంటర్నెట్‌కీ మధ్యలో తామే దళారీగా కూర్చుంటాయి. దీన్ని ప్రాక్సీ అంటారు. సెట్టింగులో 127.0.0.1 అని రాసి పెడతాయి. ఆ అంకెకి అర్థం, ఇదే కంప్యూటర్ అని. మాల్‌వేర్ బతికున్నంత కాలం పేజీలన్నీ దాని చేతుల మీదుగా వస్తాయి. యాంటీవైరస్ దాన్ని చంపేశాక దళారీ లేడు, దళారీ దగ్గరికే వెళ్లమనే ఆజ్ఞ మాత్రం మిగిలింది. బ్రౌజర్ అక్కడికే వెళ్లి తలుపు తడుతుంది, ఎవరూ పలకరు. విండోస్ సెట్టింగుల్లో నెట్‌వర్క్, ఇంటర్నెట్ విభాగంలో ప్రాక్సీ అని ఉంటుంది. అక్కడ మాన్యువల్ ప్రాక్సీ ఆన్‌లో ఉంటే ఆపేయాలి. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే మాత్రం ఆ ప్రాక్సీ ఆఫీసువాళ్లే పెట్టి ఉండవచ్చు, ముందు వాళ్లని అడగాలి.

కొన్నిసార్లు నెట్ అంతా బాగానే ఉంటుంది, యాంటీవైరస్ కంపెనీల సైట్లు మాత్రమే తెరుచుకోవు. అప్పుడు హోస్ట్స్ అనే ఫైలు చూడాలి. సీ డ్రైవ్‌లో విండోస్, అందులో సిస్టమ్32, అందులో డ్రైవర్స్, అందులో ఈటీసీ అనే ఫోల్డర్‌లో ఉంటుంది. డీఎన్ఎస్ సర్వర్‌ని అడిగే ముందు కంప్యూటర్ ఇందులో చూసుకుంటుంది. విండోస్ 7 నుంచి ఇప్పటిదాకా మామూలు కంప్యూటర్‌లో ఈ ఫైలులో ఉండే వరుసలన్నీ హ్యాష్ గుర్తుతోనే మొదలవుతాయి, అంటే అవి వివరణలే, ఆజ్ఞలు కావు. హ్యాష్ లేకుండా భద్రతా కంపెనీల పేర్లు వరసగా కనిపిస్తే అవి వైరస్ రాసినవే.

హోస్ట్స్ ఫైలు శుభ్రంగా ఉన్నా ఆ సైట్లే తెరుచుకోకపోవడం ఇంకా పెద్ద హెచ్చరిక. వైరస్ ఇంకా బతికే ఉండవచ్చని దానర్థం. 2008 నవంబరులో బయటపడిన కాన్‌ఫికర్ చేసింది ఇదే. మైక్రోసాఫ్ట్, సిమాంటెక్ లాంటి మాటలున్న ఏ పేరునైనా సరే, కంప్యూటర్ మెమరీలోనే అడ్డుకునేది. దాన్ని ఆపే అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ అంతకుముందే, అక్టోబరు 23నే ఇచ్చింది. వేసుకోని కంప్యూటర్లు ప్రపంచమంతటా లక్షల్లో దొరికాయి. దాన్ని సృష్టించినవారి ఆచూకీ చెబితే రెండున్నర లక్షల డాలర్లు ఇస్తామని 2009 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. భద్రతా పరిశోధకుడు జో స్టీవర్ట్ దాని స్వభావాన్నే దానికి పరీక్షగా మార్చిన తీరు మెచ్చుకోదగ్గది. కంటి డాక్టరు దగ్గరి అక్షరాల అట్టలాగా ఒక వెబ్ పేజీ తయారైంది. పై వరుసలో భద్రతా కంపెనీల సైట్ల నుంచి వచ్చే బొమ్మలు, కింది వరుసలో కాన్‌ఫికర్ పట్టించుకోని సైట్ల బొమ్మలు. కింది వరుస కనిపించి పై వరుస కనిపించకపోతే వైరస్ ఉన్నట్టే. చదువురానివాళ్లు కూడా చూసి చెప్పగలిగిన పరీక్ష అది.

ఇక అన్నిటికన్నా మొండిది, ఒకప్పుడు మన ఊళ్ల నెట్ సెంటర్లను బాగా ఏడిపించినది, విన్‌సాక్ చెడిపోవడం. విండోస్‌లో ఏ ప్రోగ్రాం ఇంటర్నెట్‌తో మాట్లాడాలన్నా విన్‌సాక్ అనే పొర గుండా వెళ్లాలి. ఆ పొరలో బయటి ప్రోగ్రాములు కూడా తమ లంకెలు వేసుకోవచ్చని మైక్రోసాఫ్ట్ వీలు కల్పించింది. గొలుసులో ఒక లంకె పక్కన ఇంకో లంకెలాగా. 2000ల మొదట్లో న్యూ డాట్ నెట్ లాంటి, ప్రకటనల కోసం చొరబడే యాడ్‌వేర్‌లు వినియోగదారుడు వేరే ఏదో ఉచిత ప్రోగ్రాం ఇన్‌స్టాల్ చేసుకుంటుంటే దాంతోపాటు వచ్చి, ఆ గొలుసులో దూరేవి. యాంటీవైరస్ ఆ ఫైలుని చెరిపేస్తే గొలుసు మధ్యలో తెగేది. కేబుల్ బాగుంటుంది, లైట్లు వెలుగుతుంటాయి, ఐపీ అంకె కూడా వస్తుంది, నెట్ మాత్రం రాదు. అప్పట్లో దీనికోసం రిజిస్ట్రీలోకి వెళ్లి విన్‌సాక్ పద్దులు చెరిపి, నెట్‌వర్క్ భాగాన్ని మళ్లీ ఎక్కించాల్సి వచ్చేది. ఎల్ఎస్‌పీ ఫిక్స్ అనే చిన్న ఉచిత ప్రోగ్రాం చాలామందిని ఆ తిప్పల నుంచి ఆదుకుంది. 2004 ఆగస్టులో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ రెండో సర్వీస్ ప్యాక్‌తో మైక్రోసాఫ్టే ఒక ఆజ్ఞ ఇచ్చింది. ఇప్పటికీ అదే పనిచేస్తుంది. నల్ల కిటికీలో ఎన్, ఈ, టీ, ఎస్, హెచ్ అని కొట్టి, ఖాళీ వదిలి విన్‌సాక్ అని, మళ్లీ ఖాళీ వదిలి రీసెట్ అని కొట్టి, ఎంటర్ నొక్కి, కంప్యూటర్‌ని ఆపి మళ్లీ వేయాలి. గొలుసు మొదటి రోజున ఉన్నట్టు మళ్లీ అమరుతుంది. ఫైళ్లు ఒక్కటి కూడా పోవు.

దీనికీ లొంగకపోతే గాయం ఇంకా లోతున ఉంది. జీరో యాక్సెస్ అనే రూట్‌కిట్, అంటే సిస్టమ్ లోలోపల దాక్కునే మాల్‌వేర్, విండోస్ సొంత నెట్‌వర్క్ డ్రైవర్లలోకే తన కోడ్‌ని ఎక్కించేది. ఫైర్‌వాల్‌ని నడిపే సర్వీసుల్ని పూర్తిగా చెరిపేసేది. తొందరపడి ఆ డ్రైవర్‌ని తీసేస్తే నెట్‌వర్క్ భాగమే కుప్పకూలేది. అప్పుడు పింగ్ కూడా జనరల్ ఫెయిల్యూర్ అంటూ చేతులెత్తేస్తుంది. 2013 డిసెంబరులో మైక్రోసాఫ్ట్, ఎఫ్‌బీఐ, యూరోపోల్ కలిసి దాని మీద దాడి చేసేనాటికి అది దాదాపు 20 లక్షల కంప్యూటర్లలో ఉంది. ఇలాంటి స్థితిలో ఎస్ఎఫ్‌సీ, ఖాళీ, స్లాష్, స్కాన్‌నౌ అనే ఆజ్ఞతో విండోస్ తన ఫైళ్లను తానే అసలు ప్రతులతో సరిపోల్చుకుంటుంది. విండోస్ 10, 11లలో సెట్టింగుల్లోనే నెట్‌వర్క్ రీసెట్ ఉంది. అది చేస్తే దాచుకున్న వైఫై పాస్‌వర్డ్‌లు పోతాయి కాబట్టి ముందే రాసిపెట్టుకోవాలి. ఇవన్నీ అయ్యాక కూడా నెట్ రాకపోతే, అప్పుడు ఫార్మాట్ మాట ఒప్పుకోవచ్చు. అది కూడా ముఖ్యమైన ఫైళ్లన్నీ బయటికి తీసుకున్నాకే.

నెట్ లేని కంప్యూటర్‌లోకి మందు ఎలా చేరుతుందన్న ప్రశ్న సహజం. ఇంకో శుభ్రమైన కంప్యూటర్‌లో దించుకుని పెన్‌డ్రైవ్‌లో తేవాలి. మన ప్రభుత్వ సంస్థ సెర్ట్ ఇన్ 2017 ఫిబ్రవరి 21న మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రంలో ఇలాంటి శుభ్రపరిచే ప్రోగ్రాములు ఉచితంగా దొరుకుతాయి. ఒకసారి జబ్బు కంప్యూటర్‌కి పెట్టిన పెన్‌డ్రైవ్‌ని స్కాన్ చేయకుండా మళ్లీ ఆరోగ్యంగా ఉన్నదానికి పెట్టకూడదు. కాన్‌ఫికర్ పెన్‌డ్రైవ్‌ల ద్వారా కూడా వ్యాపించింది.

చివరిగా రౌటర్. ఎక్కువమంది చూడని చోటు ఇదే. ఎస్టోనియా ముఠా మాల్‌వేర్ ఇంటి రౌటర్లలోకి కూడా వెళ్లి డీఎన్ఎస్ మార్చేది. కారణం, కంపెనీ పెట్టిన అడ్మిన్, అడ్మిన్ అనే పేరు, పాస్‌వర్డ్‌లే ఇళ్లల్లో అలాగే ఉండిపోవడం. రౌటర్ చెడితే కంప్యూటర్‌ని ఎన్నిసార్లు ఫార్మాట్ చేసినా ఫలితం ఉండదు, ఇంట్లోని ఫోన్లు, టీవీ కూడా తప్పుదారే పడతాయి. బ్రౌజర్‌లో 192.168.1.1 లేదా 192.168.0.1 కొడితే చాలా రౌటర్ల పేజీ తెరుచుకుంటుంది. అక్కడ డీఎన్ఎస్ సరిచేసి, పాస్‌వర్డ్ మార్చాలి. వెనకున్న చిన్న రంధ్రంలో సూదితో నొక్కి రీసెట్ చేయవచ్చు కానీ, ఫైబర్ కనెక్షన్ ఉన్నవాళ్లు ముందుగా నెట్ కంపెనీ ఇచ్చిన యూజర్ పేరు, పాస్‌వర్డ్ రాసి దగ్గర పెట్టుకోవాలి. రీసెట్‌తో అవి కూడా చెరిగిపోతాయి. నెట్ తిరిగొచ్చాక ఈమెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లను వేరే శుభ్రమైన ఫోన్ నుంచి మార్చాలి. ఖాతాలోంచి డబ్బు కదిలినట్టు అనుమానం వస్తే మాత్రం ఇవన్నీ పక్కన పెట్టి ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.